చామంతి చిక్కం

మా నెల్లిమర్లలో రాజకుమారి గురించి ఎవర్ని అడిగినా ముందు ఆవిడ నోటి గురించే చెబుతారు. "మనిషి మంచిదే గాని, ఆ నోరుందే..." అని సగంలో ఆపి చెయ్యి తిప్పుతారు. నాకు ఒళ్లు మండుతుంది. అవే మాటలు మగవాడు అంటే ముక్కుసూటి మనిషి అని మెచ్చుకుంటారు. వాళ్ల పెరటి గోడకి ఇవతల కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నదాన్ని నేను, ఆ నోరు రోజూ వింటాను. అది ఊరికే లేవగా ఇంతవరకూ వినలేదు. లేచినప్పుడు మాత్రం ఎదుటివాళ్లు పక్కకి తప్పుకోవడం మంచిది.

ఆమె పుట్టిల్లు నౌపడ అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె. తండ్రి వేటకెళ్లేవాడు, వలలు అల్లడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. మా ధనరాజు ఉప్పు లారీ మీద క్లీనరుగా తిరిగే రోజుల్లో ఆమెని చూశాడు, ఇష్టపడ్డాడు, పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. వీళ్లేమో తరతరాలుగా వరి, గోగు పండించుకునే రైతులు. మామగారు ఎర్రన్న కొన్నాళ్లు అలిగి మానేశాడు. బావగారు, అంటే ధనరాజు అన్న గిరిబాబు, ఇప్పటికీ మానలేదు. ఆమె చేతి వంట ఏది తిన్నా చేపల కంపు అంటాడు. అంటూనే మారు వడ్డించుకుంటాడు.

గిరిబాబుకి బజార్లో పెళ్లిపందిళ్లు, బ్యాండు, లైట్ల షాపుంది. పెళ్లికొడుకుని గుర్రం ఎక్కించి ఊరేగించే సరదా మా వైపు కూడా ముదిరాక ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. ఎడ్లు అమ్మేశాక ఖాళీగా పడున్న తమ్ముడి పశువులశాలలో దాన్ని కట్టేశాడు. అంతే, అక్కడితో ఆయన పని అయిపోయింది. లద్దె ఎత్తడం, ఒళ్లు తోమడం, దాణా, నీళ్లు, పెళ్లికి ముందు జడలల్లడం అంతా రాజకుమారిదీ ధనరాజుదీ. దానికి చామంతి అని పేరు పెట్టింది కూడా ఆమే. గిరిబాబు ఇప్పటికీ దాన్ని "బండి" అనే అంటాడు.

ఫాల్గుణంలో ఒక పెళ్లి ఊరేగింపులో ఎవడో మహానుభావుడు సీమటపాకాయల దండని గుర్రం కాళ్ల దగ్గరే అంటించాడు. చామంతి ఎగిరిపడింది. పక్కనే తోసుకొస్తున్న లైట్ల బండి ఇనుప అంచు తగిలి ముందుకాలు మోకాలి కింద నిలువునా చీరుకుపోయింది. పెళ్లికొడుక్కి ఏమీ కాలేదు, తలపాగా మాత్రం కాలవలో పడింది. పశువుల డాక్టరు మురళీమోహన్ గారు వచ్చి కుట్లు వేసి, కట్టు కట్టి, ఒక్కటే మాట గట్టిగా చెప్పారు.

"ఈ కట్టుని నోటితో పీకకుండా చూసుకోండి. పీకితే కుట్లు ఊడతాయి, చీము పడుతుంది. కాలు పోతే ఇంక గుర్రం పోయినట్టే."

తెల్లారి చూస్తే కట్టు పీలికలై గడ్డిలో పడుంది. చామంతి నోరు మామూలు రోజుల్లోనే ఊరుకోదు. శాల గుంజలు కొరుకుతుంది, దండెం మీది బట్టలు లాగుతుంది, ధనరాజు లుంగీ అంచులు దాని పొట్టలోనే ఉన్నాయి. ఇప్పుడు దురదపెట్టే కట్టొకటి కాలికి కట్టి కదపొద్దంటే వింటుందా. తల పైకెత్తి పొట్టిగా కట్టేస్తే కాలికి నీరు దిగింది, మేత మానేసింది. డాక్టరుగారు మళ్లీ కట్టు కట్టారు, అది మళ్లీ పీకేసింది.

గిరిబాబు వచ్చి శాల గుమ్మంలో నిలబడి చూశాడు.

"శ్రావణం ముహూర్తాలకి ఇది నడవాల. నడిసీలాగ నేకపోతే పాతపట్నం వైపు ఇటికిల బట్టీ ఆయన అడుగుతన్నాడు, బండికి కట్టుకుంటాడంట. ఇచ్చీసి సేతులు కడుక్కుంటాను."

"ఆ కాలితో ఇటికిల బండి లాగుతాదా, బావగారూ?" అంది రాజకుమారి. "లాగినన్నాళ్లు లాగి ఆ బట్టీ కాడే పడిపోతాది."

"గుర్రాన్ని నువ్వు కొన్నావేటి? నోరు మూసుకో."

"నా నోటి సంగతి తర్వాత సూద్దారి. ముందు దాని నోటి సంగతి సూడనీండి."

గిరిబాబు కూడా తన వంతు ప్రయత్నం చేశాడని ఒప్పుకోవాలి. వెల్డింగు షాపులో ఇనపచువ్వలతో ఒక బుట్ట చేయించి గుర్రం మూతికి తగిలించాడు. చామంతి తల దించితే అది బకెట్‌కి తగిలి ఖణేల్‌మనేది, గుర్రం బెదిరి నీళ్లు మానేసేది. ముక్కు మీద చర్మం ఊడి ఎర్రగా అయింది. రాజకుమారి ఆ బుట్ట తీసి, చీరకొంగు బొడ్లో దోపుకుని, బజారు మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి షాపు షట్టరుకి దాన్ని వేలాడదీసింది.

"దిష్టికి బాగుంటాది, బావగారూ," అని వచ్చేసింది. ఆయన బజారంతా వినేలా అరిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

పట్నాల్లో ఇలాంటివి తయారుగా దొరుకుతాయని డాక్టరుగారు అంటే ధనరాజు ఫోన్లో ఒకటి తెప్పించాడు. అది ఏ పందెపు గుర్రానికి చేశారో గాని, మా నాటు గుర్రం మూతి అందులో బిందెలో గరిటెలా ఊగింది. అప్పుడు ఎర్రన్న మంచం మీంచి లేచాడు.

"మనింట్లో సిక్కం అల్లడం మర్సిపోనాననుకున్నారేటి?" అన్నాడు.

చిక్కం అంటే నూర్పిళ్లప్పుడు ఎడ్లు గింజ మీద మూతి పెట్టకుండా కట్టే అల్లిక బుట్ట. ఒకప్పుడు ఎర్రన్న అల్లిన చిక్కాలకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారు. ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాక ఆ చేతులకి పని లేకుండా పోయింది. ముసలాయన గోగునార తడిపి, పేని, తొడ మీద తాడు దొర్లిస్తుంటే ముఖం వెలిగిపోయింది. చిక్కం ఎంత అందంగా వచ్చిందంటే నేను దాన్ని గుమ్మానికి కట్టుకుందామనుకున్నాను. అందరం శాలలో చేరాం. ఎర్రన్న చామంతి మూతికి దాన్ని తొడిగాడు, రెండు పక్కల రెండు తాళ్లు పట్టుకుని పైకి చూశాడు. అలాగే నిలబడిపోయాడు.

"కొమ్ములేవిరా దీనికి?" అన్నాడు.

ఎద్దు చిక్కం తాళ్లు కొమ్ముల వెనక ముడేస్తారు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఒక్కడికీ ఈ సంగతి తట్టలేదు. నవ్వీ నవ్వీ నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఎర్రన్న ఉక్రోషంతో చెవుల వెనక ముడేశాడు. చామంతి ఒక్కసారి తల విదిలించింది, చిక్కం గడ్డిలో పడింది. అది దాన్ని కూడా నమిలింది.

ఆ రోజు రాజకుమారి నవ్వలేదు. పడిన చిక్కాన్ని ఏరుకుని, దులిపి, గోడ మీంచి నావైపు చూపించింది.

"దేవొదినా, మా అయ్య వల అల్లినట్టు అల్లితే?"

నేను కొలతల మనిషిని, ఆమె ముడుల మనిషి. నా టేపు పట్టుకెళ్లి చామంతి ముఖం కొలిచాం. రెండు దవడల మధ్య, ముక్కు ఎముక మీద, పెదవి కింద. టేపు చివర కాస్త అది తిన్నది. రాజకుమారి పుట్టింటి నుంచి వలదారం తెప్పించి, వాళ్ల నాన్న ఇచ్చిన వెదురు కండెతో అల్లడం మొదలుపెట్టింది. చెవుల వెనక నుంచి గొంతు కిందకి పట్టీ పెట్టింది, ఇంక తల విదిలించినా ఊడదు. తొడిగి చూస్తే అద్దినట్టు కుదిరింది. అందరం హాయిగా పడుకున్నాం.

తెల్లారి చూస్తే వలకి అడుగున నా పిడికిలి పట్టేంత కన్నం, కట్టు మళ్లీ పీలికలు. గాయం వాసన వేయడం మొదలైంది. ఆ రోజు రాజకుమారి శాలలో గడ్డి మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎర్రన్న గుర్రం పెదవి ఎత్తి చూసి తల కొట్టుకున్నాడు.

"ఎద్దుకి పైన ముందరపళ్లుండవే కోడలా. దీనికి కిందా ఉన్నాయి, మీదా ఉన్నాయి. కత్తెర గదా ఇది."

ముఖం తుడుచుకుని ఆమె సైకిలెక్కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వెనక ఒక బెల్టు చుట్ట ఉంది. ధాన్యం మిల్లులో అరిగి పారేసిన గుడ్డబెల్టు, నా వేలంత మందం. దాన్ని గుండ్రంగా కోసి, కాల్చిన చువ్వతో కన్నాలు పొడిచి చిక్కానికి అడుగుపలకగా పెట్టింది. ఆ కన్నాల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి, ఒకటో రెండో గడ్డిపరకలు లాక్కోవచ్చు, పళ్లు మాత్రం బయటికి రావు. పక్కలు అల్లడానికి ఎర్రన్న మళ్లీ గోగునారే అన్నాడు, నైలాను చర్మం కోస్తుందని ఆయన వాదన. పెద్దాయన మాట కాదనలేక సరే అంది. చామంతి నీళ్లు తాగింది, తడిసిన నార బిగుసుకుంది, పాపం దాని పెదవులు నలిగాయి. మామా కోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని రాజీకి వచ్చారు. పక్కలు నైలానే, కాని ముడులన్నీ బయటికి తిరిగి ఉండాలి, జాకెట్టుకి కుట్లు లోపల ఉండకూడదన్నట్టు. ముక్కుపుటాల దగ్గర అల్లిక కళ్లు పెద్దవిగా వదలాలి. అడుగుపలకకీ పెదవికీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి.

ఒక పొద్దున్న దారం కండె మార్చుకుంటూ గోడ మీంచి తొంగిచూశాను. రాజకుమారి శాల గడప మీద కూర్చుని ఉంది. చిక్కం తన ముఖానికే తొడుక్కుని తల వెనక ముడేసుకుంది. ముందు నీళ్ల బకెట్ పెట్టుకుని, వంగి, మూతి ముంచి తాగుతోంది.

"ఏటే ఇది?" అన్నాను.

"ఊపిరాడతందో నేదో అది సెప్పలేదు కదా వదినా. నాను సెప్పగలను."

అదే సమయానికి గిరిబాబు మోటారుసైకిలు ఆగింది. వెనక షాపు కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఆయన ఆమెని పైనుంచి కిందకి చూసి గట్టిగా నవ్వాడు.

"తియ్యకు, అలగే ఉంచీ. నీకే బాగున్నాది. ఇంటిల్లిపాదికీ సుఖం."

కుర్రాళ్లు పగలబడి నవ్వారు. నా చేతిలో కత్తెరుంది, గోడ అడ్డం ఉంది. రాజకుమారి ఆయన్ని చిక్కంలోంచి అలా చూసింది. మళ్లీ వంగి ఇంకో గుక్క తాగింది. వాళ్లు వెళ్లాక విప్పి నా చేతికిచ్చింది.

"సెంపల కాడ ఒరుసుకుంటంది. మెత్తగా ఏటైనా కుట్టు వదినా."

కుట్టాను. పాత గొంగళి ముక్కని మడతపెట్టి పైఅంచు పొడుగునా వేశాను. చెమటకి తడిస్తే తీసి ఉతుక్కునేలా దిండుగలీబులాగా దానికి నూలుగుడ్డ తొడుగులు రెండు కుట్టాను, ఒకటి ఆరుతుంటే ఒకటి వాడుకోవడానికి. బెల్టు అంచు కుట్టేటప్పుడు సూదులు విరిగిన మాట నిజం, నేను తిట్టిన తిట్లు కూడా నిజమే. చివర్లో రాజకుమారి చెవుల వెనక పట్టీని సన్నటి నూలుదారంతో కలిపింది. వల రాయికి తగులుకుంటే వల చిరక్కుండా దారం తెగిపోవాలని వాళ్ల నాన్న అలాగే కట్టేవాడట. చిక్కం ఏ మేకుకో తగులుకుంటే చామంతి మెడ విరగకూడదు, దారమే తెగాలి.

మర్నాటికి కట్టు కట్టినట్టే ఉంది. ఆ మర్నాటికీ ఉంది. గాయం ఆరడం మొదలైంది. డాక్టరుగారు చిక్కంలోకి తన చెయ్యి పెట్టి చూసుకుని, ఈ తొడుగు రోజూ మార్చండి, పొద్దున్నా సాయంత్రం మేతకి విప్పండి అన్నారు. ఇంకొన్నాళ్లు కట్టు కదలకుంటే చాలన్నారు. ముందు చిక్కం చూస్తే తల ఎత్తేసే చామంతి ఇప్పుడు ఆమె చేతిలో అది కనబడగానే తల దించి తనే మూతి పెట్టేది.

సరిగ్గా అప్పుడే గిరిబాబు ఇటుకబట్టీ ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పేరు జగన్నాధం. చెడ్డ మనిషిలా లేడు, భుజం మీద ఇస్త్రీ చేసిన కొత్త కండువాతో మర్యాదగానే ఉన్నాడు. నూతి దగ్గర తొడుగు ఉతుకుతున్న రాజకుమారి తలెత్తి చూసింది. గోడ ఇవతల నా మిషను ఆగిపోయింది.

"కాలు నయమౌతంది కదా, మరెందుకు అమ్ముతన్నారన్నయ్యా?" అన్నాడు ధనరాజు.

"శ్రావణానికి ఇంకో బండి మాటాడేను. దీన్ని నమ్ముకుంటే పెళ్లోల్లు నన్ను తంతారు," అన్నాడు గిరిబాబు.

జగన్నాధం గుర్రం చుట్టూ తిరిగాడు. "కరుస్తాదంట గదా?"

"సిక్కం ఉన్నాది కదా. సూడు, ఎంత బుద్ధిగా నిలబడిందో."

ఆయన చిక్కాన్ని పట్టుకుని చూశాడు, గొంగళి అంచు నొక్కాడు, కన్నాల్లో వేలు పెట్టాడు. "ఇదెవలు సేసినారు? దిట్టంగా ఉన్నాది. గుర్రంతో పాటే ఇచ్చెస్తారు కదా?"

"పాటే."

రాజకుమారి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఆగండి బావగారూ. గుర్రాన్ని మీ పేరున కొన్నారు, కాదన్ను. సిక్కం మీరు కొన్నారేటి? మిల్లు కాడ బెల్టు ఏరుకొచ్చింది నాను. అల్లింది నాను. కుట్టింది దేవొదిన. గుర్రం మీది. సిక్కం నాది. అది అమ్మకానికి నేదు."

అని ముడి లాగేసింది.

కట్టు విప్పే రోజు ఇంకా రాలేదు. ఇప్పుడు చామంతి గనక కాలి మీద నోరేసిందంటే ఇన్నాళ్ల కష్టం మట్టిలో కలిసినట్టే, ఆ సంగతి రాజకుమారికి నాకంటే బాగా తెలుసు. అయినా తీసింది. చామంతి పెదవులు ఆడించుకుని, తల కిందికి దించి, కట్టుని వాసన చూసింది.

కాలు ఎలా ఉందో తనూ చూద్దామని జగన్నాధం కూడా వంగాడు, పాపం. కండువా జారి దాని ముక్కు ముందుకొచ్చింది. చర్రున చప్పుడైంది. సగం కండువా ఆయన భుజం మీద, సగం చామంతి నోట్లో. గిరిబాబు పరుగున వచ్చి తాడు అందుకున్నాడు. చామంతి కండువా వదిలి ఆయన చొక్కాజేబు పట్టుకుంది. జేబుతో పాటు సెల్‌ఫోనూ వెళ్లి లద్దెలో పడింది.

"సిక్కం నేకపోతే నాకొద్దు బాబూ," అన్నాడు జగన్నాధం, మిగిలిన కండువా మడతపెట్టుకుంటూ. "మా కాడ పిల్లలు తిరుగుతుంటారు. సిక్కంతో ఇస్తే సెప్పు, వస్తాను."

"ఇంకోటి అల్లిస్తాను, ఉండు," అని గిరిబాబు ఇటు తిరిగాడు. "అల్లు."

"అల్లను," అంది రాజకుమారి.

"నాన్నా, నీకొచ్చు కదా. నువ్వల్లు."

ఎర్రన్న మంచం మీద చుట్ట తిప్పి తిప్పి ముట్టించుకున్నాడు. "నా సిక్కానికి కొమ్ములుండాలిరా నాయనా. దానికి మొలిసేయేటి, సూడు."

జగన్నాధం నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయాడు. గిరిబాబు ముఖం చామంతి మూతికంటే పొడుగైంది. "నా గుర్రం ఇది. రేపే తోలుకుపోతాను," అన్నాడు.

"మీదే. ఇప్పుడే తోలుకెల్లండి, ఎవరాపేరు?" అని రాజకుమారి పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఆయన చామంతి పళ్ల వైపు చూశాడు, కదల్లేదు. అప్పుడు ధనరాజు, అన్న ముందు ఎన్నడూ నోరెత్తని ధనరాజు, ఆయన చేతిలోని తాడు తీసుకుని గుంజకి కట్టాడు. "ఎండెక్కతంది అన్నయ్యా. ఇంటికెల్లు," అన్నాడు. అతనికి అదే చాలా ఎక్కువ.

తర్వాత ఏమైందంటే, కట్టు విప్పారు, కాలి మీద మచ్చ మిగిలింది, శ్రావణం ముహూర్తాలకి చామంతే వెళ్లింది. మాట్లాడిన ఇంకో బండి సంగతి గిరిబాబు మళ్లీ ఎత్తలేదు. కళ్లెం రాజకుమారే పట్టుకుని ముందు నడిచింది, టపాకాయల దండ చేతబట్టినవాడు ఆమె ముఖం చూసి పక్కవీధికి వెళ్లి కాల్చుకున్నాడు. కాని నేను చెప్పాలనుకున్నది ఆ రోజు శాలలో చివరి మాట.

రాజకుమారి ఆరిన తొడుగు వేసి చిక్కం ముందుకు చాపింది. చామంతి తల దించి తనే అందులో మూతి పెట్టింది. గుమ్మం దాటబోతున్న గిరిబాబుకి అది చూసి ఒళ్లు మండింది.

"గుర్రానికి కాదు, ముందు నీకు కట్టాల సిక్కం," అన్నాడు.

ఆమె చెవుల వెనక నూలుదారం లాగి చూసుకుంది, బెల్టుకీ పెదవికీ మధ్య నాలుగు వేళ్లు పెట్టి చూసుకుంది, అప్పుడు తిరిగింది.

"ఇది కొరుకుతాది గాని నోరిప్పి సెప్పలేదు, అందుకే సిక్కం కుదిరింది బావగారూ. నాకు సిక్కం అల్లీవోడు ఇంకా పుట్టనేదు."